తులాభారం ఆడుతున్నారా? ముందు వసంతకుణ్ణి వెతకండి

పగలంతా ఉద్యోగాలు చేసుకుని, సాయంత్రాలు రిహార్సల్ వేసుకుంటూ 'శ్రీకృష్ణ తులాభారం' ఆడదామనుకునే నాటక సమాజాల వారికి ఈ సలహాలు. పరిషత్తు పోటీల్లో ఆరితేరినవారు వీటిలో సగం తప్పంటారు. అననివ్వండి. ముత్తరాజు సుబ్బారావు గారి ఈ నాటకానికి భక్తి నాటకమని పేరు పడింది గానీ, మన పద్యనాటకాల్లో ఇంత హాయిగా నవ్వించేది మరొకటి లేదని నా నమ్మకం. మొగుణ్ణి దానమిచ్చేసి, తిరిగి దక్కించుకోలేక అవస్థపడే ఇల్లాలి కథ ఇది. నవ్వు తీసేస్తే ఇందులో తక్కెడ తప్ప ఏమీ మిగలదు.

అందరూ మొదట సత్యభామ కోసం ఊళ్లు తిరుగుతారు. మీరు వసంతకుడితో మొదలుపెట్టండి. మిగిలిపోయిన కుర్రాడికి ఆ వేషం అంటగట్టడం మన సమాజాల్లో పాత అలవాటు. మీలో అందరికన్నా మంచి నటుడెవరో ఆయనకే ఇవ్వండి. పద్యానికీ పద్యానికీ మధ్య నాటకం చల్లబడకుండా చూసేది ఆ విదూషకుడే.

గొప్పగా పాడేవాణ్ణి కృష్ణుడిగా పెట్టకండి, నారదుడికి ఇవ్వండి. కథ నడిపేవాడు నారదుడు. కృష్ణుడు చివరి రంగంలో తట్టలో కూర్చుంటాడు, అంతే. భార్యలు తనకోసం నగలు ఒలిచి పోస్తుంటే మాట్లాడకుండా కూర్చుని ముచ్చటపడే మొహం కావాలి. గొంతుకు శిక్షణ ఇవ్వొచ్చు గానీ ఆ మొహాన్ని తెచ్చిపెట్టలేం.

శ్రుతి దించండి. నాలుగు శ్రుతిలో పాడితేనే పద్యమని హార్మోనిస్టులు పట్టుబడతారు. మైకులు లేని రోజుల్లో చివరి బెంచీకి వినిపించడానికి అదంతా అవసరమైంది. ఇప్పుడు సత్యభామ అంత ఎత్తున పాడితే అలక కాస్తా కేకగా మారిపోతుంది. ఒక మెట్టు దించి చూడండి. ఆమె మూతి ముడిచిన సంగతి గొంతులోనే తెలుస్తుంది.

నిడివి తగ్గించాలంటే మాటలు కోయండి, పాటల జోలికి పోవద్దు. బళ్లారిలో వకీలు వృత్తి చేసుకుంటూ సరస వినోదినీ సభ నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1880ల్లోనే నాటకంలోకి పద్యాలూ పాటలూ తెచ్చారు. ఔత్సాహికులు పట్టుకొచ్చిన పాటను ఔత్సాహికులే కోసిపారేయడం నాకు నచ్చదు.

ఇక వన్స్ మోర్ సంగతి. ఒప్పుకోవద్దని ప్రతి దర్శకుడూ చెబుతాడు, నాటకం ఆగిపోతుందట. ఒప్పుకోండి. కాకపోతే రెండోసారికి కూడా రిహార్సల్ చేయండి. 'మీరజాలగలడా' పాటనే తీసుకోండి. అది స్థానం నరసింహారావు గారు తన సత్యభామ పాత్రకోసం తానే రాసుకున్నది. 1966లో సినిమాలో సుశీల గారి గొంతులో విని జనం ఇంకా దగ్గర చేసుకున్నారు. మొదటిసారి సత్యభామ గర్వంతో పాడాలి. వన్స్ మోర్ అన్నాక చెలికత్తెల వైపు చూస్తూ, అదే పాటను కాస్త అనుమానంతో పాడాలి: కృష్ణుడు నిజంగా నా మాట దాటడా? సాహిత్యం మారదు, మనిషి మారుతుంది. అప్పుడు రెండోసారి పాడడమే కథను ముందుకు నడుపుతుంది. తబలా ఆయన కూడా నడక కొంచెం తగ్గించాలని ముందే చెప్పి ఉంచండి.

నారదుడు కృష్ణుణ్ణి అమ్మకానికి పెట్టే రంగంలో స్టేజీ మీదే ఉండిపోకండి. ఆ చౌకబేరం పాట రాసింది ఖమ్మం జిల్లా జక్కేపల్లికి చెందిన చందాల కేశవదాసు గారు. 1932 నాటి 'భక్త ప్రహ్లాద' సినిమాకు పాటలు రాసింది కూడా ఆయనే. బేరం పాటంటే కొనేవాళ్లు ఎదురుగా ఉండాలి. నారదుడు మెట్లు దిగి జనంలోకి వెళ్లాలి, కృష్ణుణ్ణి వెంట తిప్పాలి. ముందు వరసలో ఉన్న ముసలమ్మను "ఏమమ్మా, ఎంతకు కొంటావు?" అని అడగాలి. ఆమె ఏం చెప్పినా వసంతకుడు అందుకోవాలి. అందుకే అతణ్ణి ముందు వెతకమన్నాను. పోటీల్లో దీనికి మార్కులు పోతే పోనీయండి.

తక్కెడ మీద డబ్బు పోయకండి. మనిషిని మోసే తక్కెడ చేయించి తాళ్లతో పైకి లేపబోవడం ప్రమాదం. కృష్ణుడి తట్టను గట్టి పీట మీద కదలకుండా ఆనించండి. నగల తట్టకు సన్నటి నల్లతాడు కట్టి పైన దూలం మీదుగా సైడ్ వింగ్‌లోకి తీయండి. అడుగున ఇత్తడి పళ్లెం పెడితే గిల్టు నగలైనా ఘల్లుమంటాయి. ఎన్ని పోసినా తాడు బిగబట్టే ఉండాలి. రుక్మిణి తులసిదళం వేసి చేయి తీశాక మనసులో మూడు అంకెలు లెక్కపెట్టి, అప్పుడు మెల్లగా వదలాలి. ఈ పని చురుకైన మనిషికి అప్పగించి, పెద్ద వేషధారులకన్నా ఎక్కువసార్లు రిహార్సల్ చేయించండి. తట్ట దిగుతున్నప్పుడు కృష్ణుడు నడుం నిటారుగా సాగదీసి కాస్త లేస్తే చాలు, తేలినట్టే కనిపిస్తాడు.

రుక్మిణికి నగలు తక్కువ పెట్టండి.

సన్మానాలు తప్పవని తెలుసు. చందాలిచ్చిన పెద్దలకు శాలువాలు కప్పాల్సిందే. అవన్నీ తెర లేవకముందే కానిచ్చేయండి. తూకం రంగానికి ముందు ఎవరొచ్చి ఎంత బతిమాలినా మైకు మాత్రం ఇవ్వకండి.