ఇరవై ప్రశ్నల కొలబద్ద

ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు, మీకు చెప్తున్నాను. నాలుగు నెలల పాటు నేను ఊరూరా తిరిగి మనుషుల మనసులకు మార్కులేశాను.

ఖమ్మం మయూరి సెంటర్‌లో, టీ తాగుతుండగా మొదలైంది. ఏ కులం వాళ్లు ఎంత అభ్యుదయవాదులన్న వాదన. మా జిల్లాలో ఇది లేకుండా టీ చల్లారదు. సాయుధ పోరాటంలో తిరిగిన తాత ఇంటికొకరు ఉంటారు, ఆయన పేరు మీద మూడు తరాలు అభ్యుదయవాదులుగా చెలామణీ అవుతాం. ఆ రోజు మిత్రుడొకడు భద్రాచలం ఏజెన్సీ కోయవాళ్లను మించిన ప్రగతిశీలురు లేరన్నాడు. ఆధారంగా ఓట్లు చూపించాడు. 1985, 1989, 1994లో వరసగా కుంజా బొజ్జినీ, 1999, 2004, 2014లో సున్నం రాజయ్యనీ ఎర్రజెండా మీద గెలిపించిన నియోజకవర్గం కదా అని. ఓటుదేముంది, ఇంట్లో మనిషి ఎలా ఉంటాడో చూడాలన్నాను. అంతటితో ఊరుకోక, కొలిచి చూపిస్తానన్నాను.

కొలవడానికి నా దగ్గర ఒక సాధనం ఉంది మరి. ఎమ్మేలో చదువుకున్న బొగార్డస్ స్కేలు. అమెరికాలో 1925లో వచ్చింది. ఫలానా జాతివాణ్ణి మీ దేశంలోకి రానిస్తారా, మీతో పాటు పని చెయ్యనిస్తారా, మీ వీధిలో ఉండనిస్తారా అని మెట్టు మెట్టుగా అడుగుతుంది. అన్నిటికన్నా పైమెట్టు పెళ్లి సంబంధం. దాన్ని తెలుగు చేసి, ఇంకొన్ని కలిపి, ఇరవై ప్రశ్నలు తయారుచేశాను. అన్నిటికన్నా ఎక్కువ విలువ ‘మీ పిల్లను వేరే కులం వాడికిస్తారా’ అన్నదానికే. మొదటి ఫారం నేనే నింపుకున్నాను. ఇరవైకి పంతొమ్మిది. ఆ ఒక్కటీ తగ్గించుకున్నది నిజాయితీపరుడిలా కనపడటానికి. మా మేనకోడలు ఎవరినో ఇష్టపడిందని తెలిసినప్పుడు నేనడిగిన మొదటి మాట ‘వాళ్లెవరు?’ అని. ఫారం నింపుతుంటే అది గుర్తుకే రాలేదు. మీకూ ఇలాంటిదొకటి ఉండే ఉంటుంది.

ఖమ్మంలో నావాళ్లంతా చదువుకున్నవాళ్లు. పెళ్లి ప్రశ్న వినగానే ‘అభ్యంతరం ఏముందండీ’ అన్నారు. పదహారు, పదిహేడు వచ్చాయి. తర్వాత గోదావరి దాటి దుమ్ముగూడెం మీదుగా చర్ల వైపు వెళ్లాను. తునికాకు కోసే రోజులు. తెల్లారకముందే అడవికి పోయి వచ్చి, నీడన కూర్చుని కట్టలు కడుతున్న వాళ్ల ముందు కాగితం పట్టుకుని నిలబడ్డాను. ఒక పెద్దాయన పెళ్లి ప్రశ్న విని, “వేరేవాళ్లకే ఇస్తాం సారూ, మాలో మేం చేసుకోం” అన్నాడు. ఆశ్చర్యపోయి పూర్తి మార్కులేశాను. ఆయన చెప్పింది గట్టు సంగతి. కోయల్లో మూడో గట్టు, నాలుగో గట్టు అంటూ ఉంటాయి, ఒకే గట్టువాళ్లు వరసకు అన్నదమ్ములు, పెళ్లి కుదరదు. ఆ సంగతి తెలిశాక ఆయన మార్కులు కొట్టేశాను. మిగతావాళ్లు బయటివాడికి పిల్లనివ్వబోమని తెగేసి చెప్పారు. ఎందుకని అడగడానికి నా ఫారంలో గడి లేదు. గూడేనికి సగటున ఏడు వచ్చింది. ఆ దారిలోనే ఒక దుకాణదారు దొరికాడు. బయటినుంచి వచ్చి స్థిరపడ్డవాడు, కోయపిల్లను పెళ్లి చేసుకున్నాడు. పంతొమ్మిదిన్నర. నన్ను మించిపోయాడు.

భద్రాచలంలో ఒక కాలేజీ హాల్లో ఫలితాలు చెప్పమన్నారు. రంగుల పటం గీయించుకుని వెళ్లాను. పట్నం పైన, గూడెం కింద. మాట్లాడుతూ మాట్లాడుతూ ఊపు వచ్చేసింది, ఆ దుకాణదారు సంగతెత్తాను, పేరు చెప్పకపోయినా ఊరు చెప్పేశాను, కులాల గోడలు కూల్చిన ఆదర్శ వివాహం అన్నాను, చప్పట్ల కోసం ఆగాను, ఒక్క చెయ్యి కదల్లేదు, వెనక వరసలోంచి ఒక కోయ టీచరమ్మ లేచింది, “ఆయన మొదటి భార్య మైదానంలో ఉంది సారూ, ఇక్కడ మా పిల్ల పేరు మీద ఎనిమిదెకరాలున్నాయి, మీ లెక్కలో ఎకరానికెన్ని మార్కులు?” అనడిగింది. వెయ్యి కళ్లు నా మీదే ఉన్నట్టనిపించింది. హాల్లో ఉన్నది అరవై మంది.

1970లో వచ్చిన ఒకటీ బై డెబ్బై చట్టం నాకు తెలియనిది కాదు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి పేరు మీదికి మారడానికి వీల్లేదు. అందుకని గిరిజన మహిళను కట్టుకుని ఆమె పేరు మీద కొని, సాగు తను చేసుకునేవాళ్లున్నారు. ఆ దారిన ఎన్ని పొలాలు చేతులు మారాయో గూడెం వాళ్లకు తెలుసు. వాళ్లు ‘ఇవ్వం’ అన్నది భూమిని కాపాడుకోవడానికి. నేను దాన్ని సంకుచితత్వం అని రాసుకున్నాను. నావాళ్ల ‘అభ్యంతరం ఏముందండీ’కి రూపాయి ఖర్చు లేదు. ఏ జవాబు చెప్తే బాగుంటుందో వాళ్లకు ముందే తెలుసు, ఎందుకంటే ప్రశ్న రాసినవాణ్ణి నేను, వాళ్లలోవాణ్ణి. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది ఇదే. ఆ స్కేలు బలవంతుడు బలహీనుణ్ణి ఎంత దగ్గరికి రానిస్తాడో కొలవడానికి పుట్టింది. దాన్ని తీసుకెళ్లి, రానిచ్చి నష్టపోయినవాళ్ల మీద పెట్టాను.

గూడెంలో అంతా వెలుగేనని ఇప్పుడు అటు దూకను. చేతబడి అనుమానంతో మనిషిని కొట్టి చంపిన ఘటనలు ఏజెన్సీలో ఉన్నాయి. 2005లో మావోయిస్టుల మీద సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన గొత్తికోయల మీద, దగ్గరి భాష మాట్లాడేవాళ్లయినా, పోడు దగ్గర అందరూ దయగా లేరు. అయితే నా ఇరవై ప్రశ్నల్లో ఇవీ లేవు.

మరుసటి వేసవిలో కాగితాల్లేకుండా ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. చెట్టు కింద పంచాయితీ జరుగుతోంది. మొగుడితో ఉండనన్న ఒక పిల్ల, చంకలో బిడ్డతో, అందరి ముందూ తన మాట తనే చెప్పుకుంది. ఓలి ఎంత తిరిగివ్వాలో రెండువైపుల పెద్దలూ సాయంత్రం దాకా తేల్చారు. ఆ పిల్ల నడవడిక గురించి ఒక్కరూ మాట తూలలేదు. లేచి వస్తుంటే పెద్దాయన నన్నడిగాడు.

“మీ వైపు ఇట్లా విడిపోవాలంటే ఎక్కడికి పోతారు సారూ?”

“కోర్టుకు.”

“ఎన్నాళ్లు పడుతది?”

“ఏళ్లు,” అన్నాను.