పంది మెచ్చిన కెమెరా

మళ్లీ ఒక యాక్షన్ కెమెరా పైనుంచి పడింది. ఎన్ని వేల అడుగుల నుంచో నేను చెప్పక్కర్లేదు, ఈపాటికి ఆ వీడియో మీరే పది గ్రూపులకు పంపి ఉంటారు. అంత ఎత్తునుంచి పడ్డా రికార్డింగ్ ఆగలేదట. ఆహా, ఏమి ఆయుష్షు!

ఈ పురాణానికి ఆదికాండ 2014లోనే వచ్చింది. స్కైడైవింగ్ విమానంలోంచి జారిన గోప్రో కెమెరా గిరగిరా తిరుగుతూ వచ్చి పందుల దొడ్లో పడింది. తిరిగే వేగం, ఫ్రేముల వేగం ఒకటయ్యేసరికి బొమ్మ కాసేపు కదలనట్టే కనిపిస్తుంది. ఆ తర్వాత నేల, ఆకాశం, తెర నిండా పంది మూతి. ఎనిమిది నెలలకు దొడ్డి యజమానికి దొరికింది. జనం కెమెరాకు జేజేలు కొట్టారు. కాపాడిన నేలను ఎవరూ పట్టించుకోలేదు.

ఇంతకీ ఈ ఎత్తు గొప్పేమిటి? 150 గ్రాముల డబ్బా పడుతుంటే గాలి ఊరుకోదు, అడ్డుపడుతుంది. తొలి ఐదారు వందల అడుగుల్లోనే వేగం గంటకు వంద కిలోమీటర్ల దరిదాపుకొచ్చి, ఇక పెరగనంటుంది. టెర్మినల్ వెలాసిటీ అని ఇంటర్ పిల్లాడినడిగినా చెబుతాడు.

అంటే వెయ్యి అడుగుల నుంచి పడ్డా, 13,000 అడుగుల నుంచి పడ్డా తగిలే దెబ్బ ఒకటే. మిగతా 12,000 అడుగులూ ప్రచారం ఖాతాలోకే!

2024 జనవరిలో అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం ప్యానెల్ ఊడిపోతే 16,000 అడుగుల నుంచి పడ్డ ఐఫోన్ కూడా పనిచేసింది. పాపం, దానికి 'యాక్షన్' బిరుదైనా లేదు.

ఎత్తు కాదు మహాప్రభో, పడ్డ చోటు చూడండి! గడ్డిలో పడిందా, గచ్చు మీద పడిందా? లెన్సు పైకుందా, కిందికుందా? పగిలి ముక్కలైనవి వీడియోలు పెట్టవు కదా.

జారిపడితే సరే, కర్మ అనుకుందాం. వ్యూస్ కోసం డ్రోన్‌కు కట్టి పనిగట్టుకుని వదిలేవాళ్లనేమనాలి? కింద పొలంలో మనుషులుంటారు, పిల్లలుంటారు. అంత వేగంతో అది నెత్తిన పడితే పగిలేది కెమెరా కాదు, తల. దీన్ని పరీక్ష అనడానికి సిగ్గుండాలి. లైకు కొట్టేవాళ్లకూ ఉండాలి.

ఆ వీడియోలు చూసి మురిసిపోయే కంపెనీలకు ఒక్కటే సవాలు. కింద పడితే వర్తించదని వారంటీలో చిన్నక్షరాలతో రాసే వాక్యం కొట్టేసి, పగిలితే కొత్తది ఇస్తామని రాయండి. విమానం అక్కర్లేదు, బల్ల ఎత్తు చాలు.