దోమకు ఆడపిల్ల పుట్టదట

కామారెడ్డి జిల్లా దోమకొండ వాసులకు శుభవార్త. కూలర్ నీళ్లు పారబోయనక్కర్లేదు, మోరీ తీయమని పంచాయతీని సతాయించనక్కర్లేదు. దోమల వంశాన్నే ఎత్తేసే ఉపాయం లండన్‌లో దొరికింది. ఇంపీరియల్ కాలేజీలో ఆండ్రియా క్రిసాంటి బృందం 2018లో బోనులో పెట్టిన దోమలు ఏడు నుంచి పదకొండు తరాల్లో నామరూపాల్లేకుండా పోయాయి. 2020లో ఆ బృందమే దాదాపు మగపిల్లలే పుట్టే ఏర్పాటూ చేసింది. ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు అని స్కానింగ్ సెంటర్లో పెట్టే బోర్డు దోమలకు వర్తించదు మరి. కుట్టేది ఆడదే కాబట్టి ఆడది పుట్టకుంటే సరి.

దీని పేరు జీన్ డ్రైవ్. మామూలుగా ఒక జన్యువు పిల్లల్లో సగం మందికే దక్కుతుంది. ఇక్కడ క్రిస్పర్ అనే కత్తెర జతలోని రెండో జన్యువునూ కోసి తన నకలు అతికిస్తుంది. ఇక పుట్టినవాళ్లలో ఇంచుమించు అందరికీ అదే ఆస్తి. మధ్యలో ఎవరి చెయ్యీ తడపకుండా లబ్ధిదారులందరికీ చేరే పథకం మనం ఇంతవరకు చూడలేదు. జీతం అడగదు, సమ్మె చేయదు, ఖాళీ పోస్టులు భర్తీ చేయమనదు. మోజు పుట్టదా?

చిన్న చిక్కుంది. బోనులో చచ్చింది ఆఫ్రికా దోమ. మన పల్లెల్లో మలేరియా మోసేది వేరే అనాఫిలిస్. డెంగీ తెచ్చేది ఎడిస్. రాత్రంతా నిద్ర చెడగొట్టేది మురుగులో పెరిగే క్యూలెక్స్. ఏ జాతికి ఎక్కించిన డ్రైవ్ ఆ జాతికే. అంటే కామారెడ్డి జిల్లాకు తక్కువలో తక్కువ మూడు వంశనాశనాలు మంజూరు కావాలి.

ఆఖరి యుద్ధాలు మనకు కొత్త కాదు. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. డీడీటీ దెబ్బకు కేసులు పడిపోతుంటే సంతోషం పట్టలేక 1958లో నియంత్రణ తీసేసి నిర్మూలన అని పేరు మార్చారు. ఒకప్పుడు కోట్లల్లో ఉన్న కేసులు 1965కల్లా లక్షకు దిగాయి. ఇంకెక్కడి మలేరియా అని చేతులు దులుపుకున్నారు. 1976లో 64 లక్షలు! తర్వాత సవరించిన ప్రణాళిక అన్నారు, మలేరియా నిరోధక అన్నారు, ఇప్పుడు కీటకజనిత వ్యాధుల నియంత్రణ అంటున్నారు. బోర్డులు రాసే పెయింటరుకు మాత్రం ఏనాడూ పని తప్పలేదు.

పక్క రాష్ట్రం 2016లో ‘దోమలపై దండయాత్ర’ ప్రకటించింది. దండు ప్లకార్డులు పట్టుకొని నడిరోడ్డు మీద నడిచింది, శత్రువు కాల్వలో ఉంది. 2025లో ఆరు నగరాల్లో 66 చోట్ల కృత్రిమ మేధ సెన్సార్లతో దోమలను జాతివారీగా, ఆడా మగా విడదీసి లెక్కపెడతామన్నారు. 2021లో జరగాల్సిన మనుషుల జనగణన 2027కు జరిగింది, దోమలకే తొందర.

ఆఫ్రికాలో పసిపిల్లల్ని మలేరియాకు పోగొట్టుకుంటున్న తల్లి ముందు నేనీ వెటకారం చేయను. ఆమెకు ఆ కత్తెర అవసరమే కావచ్చు. నా పేచీ ఎండాకాలం నింపిన కూలర్‌ను ఆగస్టు దాకా మూలన పెట్టి క్రిస్పర్ కోసం ఎదురుచూసేవాడితో. ఆ కూలర్ అడుగున పచ్చబారిన నీళ్లను వేలితో కదిపి చూడండి: నల్లటి పురుగులు మెలికలు తిరుగుతూ కిందికి దిగుతాయి. వారం పది రోజుల్లో వాటికి రెక్కలొస్తాయి. సాయంత్రం పొగబండి వస్తుంది, పిల్లలు వెనకాల ఉరుకుతారు, నీళ్లలో పురుగు నిక్షేపంగా ఉంటుంది.

జనాన్ని అడగకుండా దోమల్ని వదిలితే ఏమవుతుందో కూడా మన దేశం చూసింది. 1970లలో డబ్ల్యూహెచ్ఓ, ఐసీఎంఆర్ కలిసి అమెరికా సొమ్ముతో ఢిల్లీ చుట్టుపక్కల పిల్లలు పుట్టని మగదోమల్ని వదిలాయి. ఎందుకో జనానికి సరిగ్గా చెప్పలేదు. జీవాయుధాల కోసమన్న వార్త పుట్టి పార్లమెంటు కమిటీ దాకా పోయింది. సోనిపట్‌లో వదలాల్సిన ఎడిస్ దోమలు వదలకుండానే 1975లో దుకాణం కట్టేశారు. అడిగి వదిలినా భరోసా లేదు: ఆఫ్రికాలో బుర్కినా ఫాసోలోని బానా పల్లెలో టార్గెట్ మలేరియా అనే ప్రాజెక్టు ఏళ్ల తరబడి జనంతో మాట్లాడి, 2019లో వంధ్య మగదోమల్ని వదిలింది. అవి జీన్ డ్రైవ్ దోమలు కూడా కావు. అయినా 2025 ఆగస్టులో అక్కడి సర్కారు పనులన్నీ ఆపించింది.

రేపు దోమకొండలో గ్రామసభ పెట్టారనుకోండి. సైంటిస్టు తెరమీద బొమ్మలు చూపిస్తాడు. బీడీలు చుట్టే అవ్వ లేచి, “ఇడిసిపెట్టినంక మంచిగ లేదనిపిస్తే మళ్ల పట్టుకొచ్చుడు ఎట్ల సారూ?” అంటుంది. బీబీపేటకు పోయిన దోమను ఏ మండలం పిలిపించాలో సారుకూ తెలియదు. పరిశోధన జరుగుతోందని చెప్పి, మైకు అధికారికిస్తాడు. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లోగా లిఖితపూర్వకంగా ఇవ్వాలని ఆయన నోటీసు చదువుతాడు. అప్పటికి దోమకు మనవలు పుట్టి ఉంటారు, అందరూ మగపిల్లలే.