‘ఏదో ఒకటి పెట్టండి, చిన్నగా’: టీకా తాత్పర్య సహితము

మూలం: “ఏవండీ, వాళ్ళొచ్చేలోగా ఏదో ఒకటి పెట్టండి, చిన్నగా.”

అవతారిక: శనివారం సాయంత్రం ఏడు గంటల వేళ, వియ్యాలవారు భోజనానికి రానుండగా, గుత్తివంకాయల్లో కారం కూరుతూ తల తిప్పకుండానే నాయిక పలికిన వాక్యమిది. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి మెదక్ జిల్లా కొలిచారం వాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చి మరీ కలం పట్టాడు. మొదటి నియమం నేనూ పాటిస్తాను. రెండోది మా ఇంటావంటా లేదు.

ప్రతిపదార్థం: ఏవండీ = ఓ నాథా (సంబోధన ప్రథమా విభక్తి; మధ్యమ స్థాయిలో పలికినందున కోపము లేదు, తొందర కలదు); వాళ్ళొచ్చేలోగా = వియ్యంకుడును వియ్యపురాలును గుమ్మమెక్కుటకు మునుపే, అనగా ఈ క్షణమే; పెట్టండి = వినిపింపుడు; చిన్నగా = సన్నని ధ్వనితో; ఏదో ఒకటి = దీని సంగతి తర్వాత.

‘పెట్టు’ ధాతువు గురించి రెండు మాటలు. తెలుగులో అన్నం, పాట, చీవాట్లు మూడూ పెట్టేవే. మొదటి రెండూ సరిగా పెట్టకపోతే మూడోది తప్పదని ఇక్కడ ధ్వని. ‘వెయ్యండి’ అని పాఠాంతరం. అర్థభేదం లేదు.

‘చిన్నగా’ అంటే ఎంత? బల్ల ఆ చివర “ఆ పచ్చడి ఇటు జరపండి” అన్నది ఈ చివరికి వినపడాలి. పాట ఆగితే మాత్రం ఆగినట్టు తెలియాలి. మా స్పీకరుకు అది మూడో గీత. అయితే వంటింట్లో మిక్సీ తిరిగేటప్పుడు మూడో గీత వినపడదు. నాయకుడు దాన్ని తొమ్మిదికి పెంచి, మిక్సీ ఆగాక దించడం మరిచిపోతాడు.

ఇక అసలు చిక్కు ‘ఏదో ఒకటి’.

శంక: ఏదో ఒకటి అన్నారు గనుక ఏదైనా సరిపోతుంది కదా?

సమాధానం: పెళ్ళి కానివారి శంక ఇది. పాణిని సూత్రాల్లో అనువృత్తి అని ఒక పద్ధతి ఉంది. ముందు సూత్రంలోని మాట తర్వాతి సూత్రంలోకి దిగివస్తుంది. ఆ పొద్దున “ఏం కూర చెయ్యను?” అని ఆమె అడిగితే పేపర్లోంచి తలెత్తకుండా “ఏదో ఒకటి” అన్నది ఈ వ్యాఖ్యాతే. ముప్ఫై ఏళ్ళుగా అంటున్నాడు. ఆ మాటే సాయంత్రానికి నడిచొచ్చింది. కాబట్టి ‘నా మనసులో ఉన్నదేదో నువ్వే కనుక్కో’ అని అర్థం చెప్పుకోవాలి.

కనుక్కునే మార్గం నేతి నేతి.

మాయాబజార్ పెడదామా? ఘటోత్కచుడు పెళ్ళివంటలు ఖాళీ చేసే పాటకు మించిన భోజన సంగీతం లేదు. కానీ 1957 నాటి ఆ సినిమాకు తెరమీద సంగీతం ఘంటసాల పేరున ఉంటుంది. మొదట్లో కొన్ని బాణీలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు. ఏ పాట ఎవరిదన్న మాట బల్లమీద పడిందా, పూరీలు చల్లారాల్సిందే. బావగారిది సాలూరి పక్షం, నాది ఘంటసాల పక్షం. కిందటిసారి పాయసం దాకా తేలలేదు. దేవదాసు? పిల్లనిచ్చుకున్నవాళ్ళం, పెట్టగలమా! నాదస్వరం ఆరుబయట మోగాల్సిన వాద్యం. మా హాల్లో మోగితే అక్షింతల కోసం చేతులు చాస్తారు. నీలాంబరి జోలరాగం, బావగారికసలే తిండి మధ్యలో కునుకు. గాత్ర కచేరీ మొన్నెప్పుడో పెట్టాను. “బాలమురళి పాడుతుంటే అప్పడాలు నములుతారా ఎవరైనా?” అని కట్టేయించింది మా ఆవిడ. ఆమె అన్నదాంట్లో న్యాయముంది.

మిగిలింది వీణ. మాటలుండవు, అరుపుండదు. చిట్టిబాబు పెట్టాను, మూడో గీత మీద.

విశేషం: వినీ విననట్టుండే సంగీతం కావాలని ఫ్రాన్సులో ఎరిక్ సాటీ అనే ఆయన తలచాడు. కుర్చీలా బల్లలా గదిలో పడి ఉండాలి గనుక దానికి ఫర్నిచర్ సంగీతమని పేరు పెట్టాడు. 1920లో పారిస్‌లో ఒక నాటకం విరామంలో వాయిస్తే, జనం మాటలాపి వినడం మొదలెట్టారు. “వినకండి, మాట్లాడుకోండి” అని సాటీ వాళ్ళమధ్య తిరుగుతూ బతిమాలాడట. మా ఇంట్లోనూ అదే జరిగింది. ‘కొమ్మలో కోయిల’ వచ్చింది. తీగ మీద కోయిల కూసేసరికి వియ్యపురాలు వంకాయ తుంచుతున్న చెయ్యి ఆపేశారు. “చిట్టిబాబు కదా వదినగారూ! చిన్నప్పుడు నాలుగేళ్ళు నేర్చుకున్నాను” అన్నారు. తర్వాత బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. కూర బాగుందని కూడా అనలేదు. మన పాటలకు వెనక కూర్చోవడం అలవాటు లేదు. పెళ్ళిపాటో, పూజపాటో, జోలపాటో, వచ్చిందంటే ముందుకొచ్చి కూర్చుంటుంది.

వీణ అయిపోయాక ఫోను తనంతట తానే తర్వాతిది వెతుక్కుంది. ఘంటసాల భగవద్గీత. 1974లో కన్నుమూసే ముందు ఆయన పాడి వెళ్ళిన ఆ గీత మైకులో వినపడితే మన వీధుల్లో మొదట అడిగే మాట ఒకటే: ఎవరు పోయారు? బావగారి పెరుగన్నం ముద్ద కంచానికీ నోటికీ మధ్య ఆగింది. వియ్యపురాలు కిటికీలోంచి వీధిలోకి చూశారు. మా ఆవిడ నాకేసి చూసింది. నేను ఎంగిలి చేత్తో ఫోను నొక్కుతుంటే అది వినిపించుకోదు.

‘పెట్టు’ ధాతువుకు మూడో అర్థం అతిథులు వెళ్ళాక సోదాహరణంగా బోధపడింది.

తాత్పర్యం సుగమం. చదువరులకు ఒక్క మనవి: వియ్యాలవారు గుమ్మమెక్కకముందే ఆటోప్లే మీట ఎక్కడుందో చూసి, పొడి చేత్తోనే ఆపేసుకోండి.