బోరా, బీటెక్కా?

గార్లదిన్నె టీ బంకు దగ్గర పొద్దున్నే పంచాయితీ. ఎకరా అమ్మితే వచ్చే దుడ్లు బోరుకు పెట్టాల్నా, కొడుకు బీటెక్కుకు పెట్టాల్నా?

బోరుకు పాయింటు చూసేటోడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. అది లేచి నిలబడిన చోట నీళ్లంట! బీటెక్కుకు పాయింటు చూసేటోడికి టెంకాయ ఖర్చు కూడా లేదు. ఎవరి పిల్లోడికైనా ఒకటే మాట: "సీఎస్‌ఈ".

2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినాక చదువు ఉచితమన్నారు. ఉచితమే. కాకపోతే సర్కారు బాకీ తీర్చేదాకా సర్టిఫికెట్లు కొన్ని కాలేజీల బీరువాల్లో భద్రం, కుదువ పెట్టిన కమ్మల మాదిరి. హాస్టలు, బస్సు మన చేతివి. పట్టా వచ్చినాక అమీర్‌పేట కోచింగు కూడా. నాలుగేళ్లలో రానిది అక్కడ నాలుగు నెలల్లో వస్తాదంట.

"మావాడు పెనుకొండ పక్క కార్ల ఫ్యాక్టరీలో చేరినాడప్పా!"

"ఇంజనీరుగానా?"

"యాడిది! ఐటీఐ చదివిన చిన్నోడు ముందే చేరింటే, వాడే అన్నకు చెప్పి పెట్టిచ్చినాడు."

గ్లాసు కింద పెడుతూ ముసలాయన తేల్చేసినాడు: "బోరు ఎండితే కేసింగు పైపన్నా పీకి అమ్ముకుంటాం. వీని దగ్గర పీకేదానికేముందిరా?"