విడుదల లేని చందా!

తిరుమలగిరి చౌరస్తాలో ఓ పెద్దమనిషి ఒక జత సాక్సులు కొని, అడిగారు కదా అని బిల్లు దగ్గర మెయిల్ ఐడీ చెప్పాడు.

అంతే, చుట్టరికం కుదిరిపోయింది!

పండక్కి శుభాకాంక్షలు. పుట్టినరోజుకు డిస్కౌంటు. మూణ్ణెల్లు తెరవకపోతే ‘మీరు లేక వెలితిగా ఉంది’ అంటూ బెంగ. అమెరికాలో ఉన్న కొడుకైనా ఇంత బెంగపెట్టుకోలేదు పాపం.

ఇంతకీ మెయిల్లో సంగతేమిటంటారా? మళ్లీ సాక్సులే.

చందాదార్ల ఆసక్తి నిలబెట్టడమెలా అని ఆ దుకాణం ఆఫీసులో మీటింగుల మీద మీటింగులు. చెప్పడానికేమైనా ఉన్నప్పుడే రాస్తే పోలా అనే ధైర్యం ఒక్కరికీ లేదు.

లెక్కలు మాత్రం ఘనం. 2021 నుంచి యాపిల్ మెయిల్ యాప్, గోప్యత కోసమని, మెయిల్లోని బొమ్మల్ని తానే ముందుగా దించేసుకుంటోంది. బొమ్మ దిగితే తెరిచినట్టే లెక్క గనక, మనిషి ముట్టకపోయినా ‘తెరిచారు’ అని నమోదు. గుర్రుపెట్టి నిద్రపోయేవాడూ వీరాభిమానే!

పోనీ, వద్దందామా? అట్టడుగున చీమ తలకాయంత అక్షరాలు. నొక్కితే పాస్‌వర్డ్ చెప్పమంటారు, కారణం రాయమంటారు, ‘నిజంగానే వెళ్తున్నారా?’ అని కంటతడి పెడతారు. బ్రిటిష్‌వాళ్లు కట్టిన తిరుమలగిరి మిలటరీ జైల్లోనైనా శిక్ష ఎన్నాళ్లో ముందే చెప్పేవారు.

2024లో జీమెయిల్‌కే విసుగొచ్చింది. రోజుకు 5,000కు పైగా మెయిళ్లు గుమ్మరించేవారు ప్రచార మెయిళ్ల నుంచి జనాన్ని ఒక్క నొక్కుతో విడిచిపెట్టాలి, రెండు రోజుల్లో పేరు కొట్టేయాలి అంది. స్పామ్ ఫిర్యాదులు వెయ్యికి మూడుకు చేరకూడదనీ షరతు పెట్టింది.

అయ్యా పెద్దమనిషీ, ఫిర్యాదుకు ఇంకా ఇద్దర్ని వెతకండి!