పెట్టె దిగని సిపాయికే పెద్ద పీట

యుద్ధానికి పోయి వచ్చినవాడికి పతకం ఇవ్వడం లోకరీతి. బొమ్మల సైన్యంలో లెక్క వేరు. పెట్టెలోంచి కాలు బయటపెట్టని సిపాయికి అగ్రతాంబూలం. పిల్లవాడి చేతిలో నాలుగు యుద్ధాలు చేసి బొటనవేలు పోగొట్టుకున్నవాడు తుక్కు. పాత మిలటరీ బొమ్మలనూ, వాటి జీపులనూ, డేరాలనూ, తుపాకులనూ కూడబెట్టే పెద్దమనుషుల ధర్మశాస్త్రం ఇది. హైదరాబాదు దాకా వచ్చిన శాస్త్రం 65వ నంబరు హైవే ఎక్కి సూర్యాపేటలోనో కోదాడలోనో దిగడానికి ఎంతసేపు?

1964లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ ‘జి.ఐ. జో’ పేరుతో అడుగు ఎత్తు సిపాయిని బజారుకు దింపింది. 1982కల్లా వాడు మూడుముప్పావు అంగుళాలకు కుదించుకుపోయాడు. ఆ పొట్టివాణ్ణే మన దేశంలో ఎమ్మారెఫ్ వారి ఫన్‌స్కూల్ తయారు చేసింది. కొన్నిటి రంగులు అమెరికా బొమ్మలతో బొత్తిగా కలవవు. కలవకపోవడమే ఇప్పుడు యోగ్యత! ఆ తేడా రంగువాళ్ల కోసం విదేశీ సేకర్తలు కూడా ఎగబడతారు.

ఆ వీరుణ్ణి కాస్త దగ్గరగా చూడండి. వీపులో ఒక స్క్రూ. లోపల మొండేన్నీ కాళ్లనూ కలిపి పట్టి ఉంచే రబ్బరు రింగు. పెట్టె విప్పినా విప్పకపోయినా రబ్బరుకు ముసలితనం ఆగదు. ఓ రోజు అది పుటుక్కున తెగితే వీరుడు నడుం దగ్గర రెండు ముక్కలు. చేతికి తుపాకీ ఇద్దామా అంటే, గట్టిగా దూర్చినప్పుడు విరిగేది బొటనవేలే. పోనీ తుపాకీ పక్కన పెడదామా అంటే, ఆ అగ్గిపుల్లంత ముక్క లేకపోతే సిపాయి ధర దబ్బున పడిపోతుంది. ఆయుధం పడితే అవిటివాడు, పట్టకపోతే అనాథ.

“ఇది పెట్టుబడండీ” అంటారు. 2003లో జి.ఐ. జో మొట్టమొదటి నమూనా 2 లక్షల డాలర్లు పలికిన మాట నిజం. అది ఒక్కటే ఒక్క నమూనా. మన అటకమీదున్నవి ఫ్యాక్టరీలో వేలకొద్దీ పోసినవి. అయినా ధర పెరుగుతుందనే ఆశ చావదు. పాతబడితే ధర పెరిగే సరుకు సంగతి మిర్యాలగూడ రైస్‌మిల్లుల వాళ్లకు తెలియనిదా? పాత బియ్యానికి గిరాకీ ఎక్కువే. కానీ ఎప్పటికైనా వండుకోవడానికే కదా దాన్ని కొనేది!

“దేశభక్తి” అనేది రెండో సాకు. అమెరికా యూనిఫాం తొడిగిన ప్లాస్టిక్కులో మన దేశభక్తి ఎక్కడ దాక్కుందో వెతకాలి. నిజమైన సైన్యం మన గుమ్మం ముందునుంచే నడిచింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య నాడు విజయవాడ వైపు నుంచి వచ్చిన భారత సేనలు కోదాడ, సూర్యాపేటల మీదుగా హైదరాబాదు దారి పట్టాయి. వెనక్కి తగ్గుతున్న నిజాం సేనలు మూసీ వంతెనను పేల్చేశాయి. గల్వాన్‌లో 2020 జూన్ 15న ప్రాణమిచ్చిన కర్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట బిడ్డ. మన సేకర్తకు మాత్రం ఏడడుగులు దాటిన జి.ఐ. జో ‘ఫ్లాగ్’ యుద్ధనౌక కావాలట. 1985లో వచ్చిన ఆ బొమ్మ ఇంట్లో పట్టాలంటే ముందు మంచం బయటికి పోవాలి.

ఇక దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో ఓ పిల్లవాడికి కొన్న ప్లాస్టిక్ తుపాకీని చూడండి. గుట్ట దిగేలోపే దాని ట్రిగ్గరు ఊడుతుంది. ఊడేలోగా అది ఎంతమందిని చంపి బతికించిందో ఆ పిల్లవాడికే తెలుసు. అది పుట్టిన పని చేసింది.

కొనుక్కోండి, దాచుకోండి, ఎవరి డబ్బు వారిష్టం. దానికి చరిత్ర అనో, దేశసేవ అనో పేరు పెట్టకండి. బాల్యాన్ని కాపాడుతున్నామని మాత్రం అసలే అనకండి. ఎవరి నుంచి కాపాడుతున్నట్టు? అద్దాల బీరువాకు తాళం వేసింది దొంగల భయంతో కాదు, ఇంట్లో ఆరేళ్ల పిల్లాడున్నాడని.